మేనేజర్ "సరే" అంటే కంపెనీ సరే అన్నట్టే

నమస్కారమండీ. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. బోర్డు మీద "బిజినెస్ లా" అని చూడగానే కొంతమంది మొహాలు ఎలా అయ్యాయో ఇక్కణ్ణుంచి నాకు కనపడింది. కంగారు పడకండి, సెక్షన్లు అప్పజెప్పించను. నేను ఇరవై ఏళ్లకు పైగా కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఏం చేశానో తెలుసా? కోర్టుల్లో వాదించలేదు. మీలాంటి మేనేజర్లు రాసిన పాత మెయిళ్లు చదివాను.

గొడవ వచ్చాక మా దగ్గరికి ఫైలు వస్తుంది. అందులో అగ్రిమెంటు నలభై పేజీలుంటుంది, లాయర్లు కూర్చుని ఒకటికి పదిసార్లు చూసి రాసింది కాబట్టి దాంట్లో పెద్ద పొరపాట్లు దొరకవు. కొంప ముంచేది దాని వెనకున్న ఒక్క లైను మెయిల్. "సరే కానివ్వండి, తర్వాత చూసుకుందాం." అంతే. అది రాసిన మనిషి ఈపాటికి ఇంకో కంపెనీలో చేరిపోయి ఉంటాడు, ఫోన్ చేసి అడిగితే "అప్పుడేదో హడావిడిలో రాశానండీ" అంటాడు. ఆ హడావిడి కాగితం మీద కనపడదు కదా.

ఒకటి నా కళ్లతో చూసింది చెప్తాను, కంపెనీ పేరు అడగొద్దు. ఒక ప్రాజెక్టు, ఒక సప్లయరు. డెలివరీ ఆలస్యమైతే వారానికి ఇంత కోత అని అగ్రిమెంట్లో స్పష్టంగా ఉంది. మొదటిసారి సరుకు పది రోజులు లేటు. మా మేనేజరు మంచివాడు, "ఈసారికి పర్లేదులెండి, పని అయితే చాలు" అని రాశాడు. రెండోసారి లేటు, ఏమీ అనలేదు. మూడోసారీ అంతే. నాలుగోసారి రెండు నెలలు ఆలస్యమైంది, పైవాళ్లకి కోపం వచ్చింది, కోత వేయమన్నారు. అవతలివాళ్ల లాయరు చాలా ప్రశాంతంగా ఆ మెయిల్ జతచేసి జవాబిచ్చాడు: మీరు ఇన్నిసార్లు గడువు పట్టించుకోలేదు, గడువు ముఖ్యం కాదని మీ నడవడికే మాకు చెప్పింది, దాన్ని నమ్ముకుని మేం మా పనులు ఏర్పాటు చేసుకున్నాం. చివరికి సగం కోతకి రాజీ పడ్డాం. హక్కు వాడుకోకుండా ఊరుకుంటే అది వదులుకున్నట్టు కావచ్చు, చట్టంలో దీనికి వేవర్ అని పేరుంది. మంచితనం చూపించొద్దని నేననను. చూపించండి, కాకపోతే పక్కన ఇంకో వాక్యం రాయండి: "ఈ ఒక్కసారికి మాత్రమే ఒప్పుకుంటున్నాం, అగ్రిమెంటులోని గడువులు, కోతలు యథాతథంగా ఉంటాయి." పదిహేను సెకన్ల పని.

ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. మీకు చట్టం ఎదురయ్యేది కోర్టులో కాదు, ఇన్‌బాక్సులో. వివరాలు దేశాన్ని బట్టి మారతాయి, గడువులు మారతాయి, శిక్షలు మారతాయి, అవి మీ లాయరుని అడగండి. నేను ఉదాహరణకి చెప్పే కేసుల్లో ఎక్కువ ఇంగ్లండువి, కొన్ని కెనడా, అమెరికావి. అవి పాతవైనా మనుషులు చేసే పొరపాట్లు పెద్దగా మారలేదు.

ముందు కాంట్రాక్టు అంటే ఏంటి? మీలో చాలామంది కాంట్రాక్టు అనగానే సంతకాలు, స్టాంపులు, సీలు ఉన్న కాగితం అనుకుంటారు. కాదండీ. ఒకరు ఒక ప్రతిపాదన పెట్టారు, రెండోవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు, ఇద్దరికీ ఇచ్చిపుచ్చుకోవడం ఏదో ఉంది, దీనికి కట్టుబడే ఉద్దేశం ఉంది. ఇవి ఉంటే చాలావరకు కాంట్రాక్టే. నోటిమాటైనా కాంట్రాక్టే. భూమి అమ్మకం లాంటి కొన్నింటికి రాతపూర్వకంగా ఉండాలని చట్టాలు పట్టుబడతాయి గానీ, మామూలు వ్యాపారంలో రోజూ జరిగే కొనుగోళ్లకి సంతకమే ఉండాలన్న నియమం ఎక్కువ చోట్ల లేదు.

ఎంతవరకు వెళ్లిందంటే, కెనడాలోని సస్కాచవాన్‌లో 2021లో ధాన్యం కొనే కంపెనీ ఒకటి ఒక రైతుకి అవిసె గింజల కాంట్రాక్టు ఫోటో తీసి ఫోన్‌లో పంపింది, "దయచేసి కన్ఫర్మ్ చేయండి" అని. ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పెట్టి వదిలేశాడు. నవంబరు వచ్చింది, గింజలు రాలేదు, ఈలోపు ధర బాగా పెరిగింది. కోర్టుకెళ్లారు. రైతు ఏమన్నాడు? "కాంట్రాక్టు అందిందని చెప్పానంతే, ఒప్పుకున్నానని కాదు." మీరైనా అదే అనేవాళ్లు. కానీ జడ్జి వెనక్కి వెళ్లి పాత మెసేజీలు చూశాడు. అంతకుముందు అదే మనుషుల మధ్య ఇలాగే ఫోటోలు వచ్చాయి, ఈయన "ఓకే", "బాగుంది" అని ఒక్క ముక్కలో జవాబులిచ్చి సరుకు తోలాడు. అప్పుడు ఆ ముక్కలు ఒప్పుకోలు అయితే ఇప్పుడు ఈ బొమ్మ ఎందుకు కాదు? 2023లో తీర్పు వచ్చింది, 82,200 కెనడా డాలర్లు చిల్లర కట్టమని. 2024లో అప్పీలు కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది.

ఇందులో నాకు ముఖ్యంగా అనిపించేది బొమ్మ కాదు. అలవాటు. మీ మనసులో ఏముందో కోర్టు చూడదు, అవతల కూర్చున్న మామూలు బుద్ధి ఉన్న మనిషికి అది ఎలా అర్థమవుతుందో చూస్తుంది, అది కూడా మీ ఇద్దరి మధ్య ఇంతకుముందు ఏం నడిచిందో దాని వెలుగులో. కాబట్టి చేరింది అని చెప్పాలంటే "చేరింది, చూసి చెప్తాను" అని రాయండి. బొమ్మలు ఇంట్లోవాళ్లకి పంపుకోండి. (నవ్వులు)

బేరాల దగ్గరికి వద్దాం. 1840లో ఇంగ్లండులో ఒకాయన తన పొలం వెయ్యి పౌండ్లకి ఇస్తానన్నాడు. కొనేవాడు 950 అన్నాడు. అమ్మేవాడు కుదరదన్నాడు. వెంటనే కొనేవాడు "సరే, ఆ వెయ్యికే తీసుకుంటా" అన్నాడు. కాంట్రాక్టు అయిందా? కాలేదు. 950 అన్న క్షణమే వెయ్యి ప్రతిపాదన చచ్చిపోయింది, దాన్ని మళ్లీ బతికించాలంటే అమ్మేవాడే బతికించాలి. మీకు దీంతో పనేంటంటారా? కొటేషన్ వస్తుంది, మీరు "అంతా ఓకే, పేమెంట్ మాత్రం అరవై రోజులకి" అని రాస్తారు. మీరు ఒప్పుకున్నానని అనుకుంటారు. చట్టం లెక్కలో మీరు ఆ కొటేషన్ తోసిపుచ్చి కొత్తది పెట్టారు. రేట్లు పెరిగాయనుకోండి, అవతలివాడు హాయిగా పక్కకి తప్పుకోవచ్చు. షరతు పెట్టాలా, ప్రశ్న అడగాలా అనేది తేల్చుకోండి. "అరవై రోజులకి వీలవుతుందా?" అని అడిగితే అది ప్రశ్న మాత్రమే, ప్రతిపాదన అలాగే ఉంటుంది.

ఇక మౌనం. "రెండు రోజుల్లో జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే భావిస్తాం" అని మెయిళ్లు పంపే అలవాటు ఎంతమందికుంది? చేతులు ఎత్తొద్దు, అర్థమైంది. 1862లో ఒక మామయ్య మేనల్లుడికి ఇలాగే రాశాడు, గుర్రం గురించి ఇంకేమీ చెప్పకపోతే 30 పౌండ్ల 15 షిల్లింగులకి అది నాదే అనుకుంటా అని. కోర్టు కుదరదంది. అవతలివాళ్ల నోరు మూయించి దాన్నే ఒప్పుకోలు అనలేరు. కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, మౌనం ఒప్పుకోలు కాదు గానీ పని మొదలుపెట్టడం ఒప్పుకోలే. ఇంగ్లండులోనే ఒక రైల్వే కంపెనీకి బొగ్గు సరఫరా చేసే ఆయన ఉన్నాడు. డ్రాఫ్టు పంపితే ఆయన ఖాళీలు నింపి, సంతకం పెట్టి వెనక్కి పంపాడు. రైల్వే ఉద్యోగి దాన్ని తీసుకుని సొరుగులో పడేశాడు. అంతే, ఆ సొరుగులోనే ఉండిపోయింది. కానీ బొగ్గు మాత్రం ఆ డ్రాఫ్టులో ఉన్న ధరకే వస్తోంది, డబ్బులు వెళ్తున్నాయి, అలా దాదాపు రెండేళ్లు నడిచింది. గొడవ వచ్చాక బొగ్గాయన "కాంట్రాక్టే లేదు" అన్నాడు. 1877లో అక్కడి అత్యున్నత కోర్టు, అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్, ఉందని చెప్పింది. మీ ఆఫీసుల్లో సంతకం కాని డ్రాఫ్టు మీద నడుస్తున్న వెండర్లు ఎంతమందో ఒకసారి సోమవారం వెళ్లి లెక్కపెట్టుకోండి. సంతకం కాలేదు కదా, ఎప్పుడైనా తప్పుకోవచ్చులే అనే ధీమా ఉంటే ఇవాళే వదిలేయండి.

దీనికి పెద్దన్న లాంటి కేసు అమెరికాలో ఉంది. 1984 జనవరిలో పెన్‌జాయిల్ అనే ఆయిల్ కంపెనీ గెట్టీ ఆయిల్‌లో వాటా కొనడానికి "సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది" అని పత్రికా ప్రకటన వచ్చింది. ఇంకా చివరి కాగితాల మీద సంతకాలు కాలేదు. ఈలోపు టెక్సాకో అనే ఇంకో ఆయిల్ కంపెనీ ఎక్కువ ధర ఇస్తానని వచ్చి గెట్టీని కొనేసుకుంది. సూత్రప్రాయంగా అంటే ఇంకా కుదరలేదనే కదా అని వాళ్ల ధైర్యం. 1985లో హ్యూస్టన్‌లో జ్యూరీ 1,053 కోట్ల డాలర్లు కట్టమంది! కుదిరిన ఒప్పందాన్ని మధ్యలో దూరి చెడగొట్టావు అని. టెక్సాకో 1987లో దివాలా రక్షణ కోరింది, చివరికి 300 కోట్ల డాలర్లకి రాజీ. ఆ అంకెలు మనకి రావులెండి. కానీ "ప్రిన్సిపుల్‌గా ఓకే", "ఆల్‌మోస్ట్ ఫైనల్" అనే మాటలు మీరు వారానికి ఎన్నిసార్లు రాస్తున్నారో చూసుకోండి. కట్టుబడాలని లేకపోతే సూటిగా రాయండి: "ఇది చర్చ మాత్రమే, రెండు వైపులా సంతకాలయ్యేదాకా ఎవరికీ బాధ్యత లేదు."

(ప్రేక్షకుల్లోంచి: మేడమ్, కానీ నాకు అసలు ఒప్పుకునే అధికారమే లేదు కదా, లిమిట్ ఉంది, దాటితే పైవాళ్ల అప్రూవల్ కావాలి.)

మంచి ప్రశ్న, నేను అక్కడికే వస్తున్నాను. మీకు అధికారం లేదని ఎవరికి తెలుసు? మీకు తెలుసు, మీ బాసుకి తెలుసు, ఫైనాన్స్‌కి తెలుసు. బయటివాడికి తెలుసా? బయటివాడికి కనపడేది మీ విజిటింగ్ కార్డు మీదున్న హోదా, కంపెనీ మెయిల్ ఐడీ, మీరు కూర్చున్న గది. మీకు అధికారం ఉన్నట్టు కంపెనీయే బయటికి కనపడనిస్తే, ఆ కనపడిన దాన్ని నమ్మినవాడిని చట్టం కాపాడుతుంది. 1971లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ముందుకొచ్చిన కేసు వినండి. ఒక కంపెనీ సెక్రటరీ కార్లు అద్దెకి తీసుకున్నాడు, ముఖ్యమైన క్లయింట్లను తీసుకురావడానికని చెప్పి. కంపెనీ లెటర్‌హెడ్, కంపెనీ సెక్రటరీ అని సంతకం. కార్లలో తిరిగింది మాత్రం తనే, సొంత పనులకి. కంచే చేను మేసిందన్నమాట. అద్దె బిల్లు వచ్చింది, కంపెనీ "మాకేం సంబంధం, మేం చెప్పలేదు" అంది. కోర్టు కట్టమంది. తమాషా ఏంటంటే, 1887లో ఇదే సెక్రటరీ హోదా గురించి కోర్టు "అతను వట్టి నౌకరు, అతని మాటకి విలువేముంది" అన్న ధోరణిలో తీర్పిచ్చింది. ఎనభై నాలుగేళ్లలో ఆ కుర్చీ బరువు పెరిగింది. కార్లు కుదర్చడం, సిబ్బందిని తీసుకోవడం లాంటివి ఆ హోదా ఉన్నవాళ్లు మామూలుగా చేసే పనులే అని కోర్టు ఒప్పుకుంది.

దీనికి రెండు వైపులున్నాయి. మీ కింద పనిచేసేవాళ్లకి ఘనంగా హోదాలు ఇచ్చేటప్పుడు ఆ హోదా బయట ఏం మాట్లాడుతుందో ఆలోచించండి. జీతం పెంచలేక "హెడ్" అని పేరు పెడతాం చూడండి, అది ఉచితం కాదు. రెండోది, మీకు లిమిట్ ఉంటే ముందే అవతలివాడికి చెప్పండి, "ఇంతకు మించితే బోర్డు ఆమోదం కావాలి, అది వచ్చేదాకా ఆర్డరు లేనట్టే" అని. తెలిసి కూడా ముందుకెళ్తే అప్పుడు తప్పు అతనిది. ఇంకోటి, ఎవరైనా ఉద్యోగం మానేస్తే లోపల వీడ్కోలు సభ చేస్తాం, ఫోటోలు తీసుకుంటాం, సప్లయర్లకి మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పనంతకాలం అతను ఇచ్చిన ఆర్డరుకి కూడా మీ తల మీదకి రావచ్చు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కేసు. ఇది 1854 నాటిది, దీన్ని చదవకుండా లా డిగ్రీ పట్టా తీసుకున్నవాళ్లు ఉండరేమో. గ్లోస్టర్‌లో ఒక పిండి మిల్లు. ఆవిరి యంత్రంలో ఒక ఇరుసు విరిగింది. కొత్తది చేయించాలంటే పాతదాన్ని నమూనాగా గ్రీనిచ్‌లోని ఇంజనీర్లకి పంపాలి. రవాణా సంస్థకి అప్పగించారు. వాళ్ల నిర్లక్ష్యం వల్ల చాలా రోజులు ఆలస్యమైంది. అన్ని రోజులూ మిల్లు మూతే, ఎందుకంటే వాళ్ల దగ్గర అదనంగా ఇంకో ఇరుసు లేదు. మిల్లువాళ్లు పోయిన లాభం అడిగారు. తప్పు రవాణావాళ్లదే, నష్టం నిజమే, మరి డబ్బు రావాలి కదా? రాలేదు. కోర్టు చెప్పిందేంటంటే: మాట తప్పినవాడు కట్టాల్సింది రెండు రకాల నష్టాలకే. ఒకటి, అలాంటి ఆలస్యం వల్ల మామూలుగా ఎవరికైనా జరిగే నష్టం. రెండు, ఒప్పందం చేసుకునే రోజునే ఇద్దరికీ తెలిసి ఉన్న ప్రత్యేక నష్టం. మామూలుగా మిల్లువాడి దగ్గర ఇంకో ఇరుసు ఉండొచ్చు కదా, లేదని రవాణావాడికి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక పిడకల వేట. ఆ కేసు రిపోర్టు మొదట్లో ఉన్న సారాంశంలో, మిల్లు నౌకరు వెళ్లి రవాణా గుమాస్తాతో "మిల్లు ఆగిపోయింది, వెంటనే పంపాలి" అని చెప్పాడనే ఉంటుంది. తీర్పు మాత్రం అది తెలియనట్టే నడుస్తుంది. లా చదివినవాళ్లు దీని మీద ఇప్పటికీ జుట్లు పట్టుకుంటారు. నాకు మాత్రం లీగల్ డిపార్ట్‌మెంట్ మనిషిగా అది చదివినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది, కౌంటర్ దగ్గర గుమాస్తాతో నోటితో అన్నమాట నూటడెబ్బై ఏళ్ల క్రితమూ గాలికి పోయింది, ఇవాళా పోతుంది.

మీ పనికి దీన్ని ఎలా తిప్పుకోవాలంటే, మీరు కొనేవైపు ఉంటే ఆర్డరులోనే రాయండి: "ఈ పార్టు ఫలానా తేదీకి రాకపోతే మా లైను మొత్తం ఆగుతుంది, రోజుకి ఇంత నష్టం." అప్పుడు అవతలివాడు రేటు పెంచొచ్చు, బాధ్యతకి పరిమితి అడగొచ్చు, లేదా కాదనొచ్చు. ఏదైనా మంచిదే, ముందే తెలిసింది. అమ్మేవైపు ఉంటే, అలాంటి లైను వచ్చినప్పుడు "నోటెడ్" అని కొట్టి పంపేయకండి. ఆ ఒక్క ముక్కతో రోజుకి లక్షల నష్టం భుజాన వేసుకున్నారేమో. సేల్స్ వాళ్లకి నేను ఇది చెప్పినప్పుడల్లా "మేడమ్, అలా అయితే ఆర్డర్లు రావు" అంటారు. రానివ్వండి, కానీ తెలిసి తీసుకోండి.

సంతకం గురించి త్వరగా. 1934లో ఒక కేఫ్ యజమానురాలు సిగరెట్లు అమ్మే మెషీను కొన్నది, చిన్నక్షరాలతో ఉన్న కాగితం చదవకుండా సంతకం పెట్టింది, మెషీను పాడైంది, ఆ చిన్నక్షరాల్లో "ఏ హామీ లేదు" అని ఉంది. చదవలేదంటే కోర్టు వినలేదు. ఇవాళ చాలా దేశాల్లో వినియోగదారులకి రక్షణ చట్టాలొచ్చాయి, మామూలు కొనుగోలుదారుడికి కొంత ఊరట ఉంటుంది. రెండు కంపెనీల మధ్య అయితే ఆ ఊరట బాగా తక్కువ, వ్యాపారం చేసేవాడికి చదవడం వచ్చని అనుకుంటారు. అన్నీ చదివే టైము లేకపోతే కనీసం ఈ నాలుగూ వెతకండి: ఎలా బయటపడొచ్చు, తనంతట తనే రెన్యూ అవుతుందా, బాధ్యత ఎంతవరకు, గొడవైతే ఏ ఊరి కోర్టు. ఆ రెన్యూవల్ క్లాజు తినేసినంత డబ్బు దొంగలు కూడా తిని ఉండరు. (నవ్వులు)

సంతకం ఎవరి తరఫున పెడుతున్నారో కూడా చూడండి. కంపెనీ వేరు, దాన్ని నడిపే మనిషి వేరు అనేది 1897 నుంచి గట్టిగా నిలబడింది. సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు, 20,007 షేర్లలో 20,001 ఆయనవే, మిగతా ఆరూ ఇంట్లోవాళ్లవి. కంపెనీ మునిగింది, అప్పులవాళ్లు "కంపెనీ ఏంటి, ఆయనే కదా" అన్నారు. హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదంది, కాగితం మీద పుట్టినా అది వేరే మనిషే. మనందరం ఆ గోడ వెనక కూర్చుని పనిచేస్తున్నాం. కానీ ఆ గోడకి మీ చేత్తోనే తలుపు పెట్టొచ్చు. బ్యాంకు లోనుకో, ఆఫీసు లీజుకో పర్సనల్ గ్యారంటీ ఇస్తే ఆ అప్పు మీ ఇంటిదాకా వస్తుంది. "ఫార్మాలిటీయే సార్, ఇక్కడ ఒక సంతకం" అంటే అక్కడే ఆగండి. ఫార్మాలిటీ అయితే వాళ్లు అంత శ్రద్ధగా అడగరు. అలాగే మోసం చేసినా, భద్రతా నియమాలు గాలికొదిలేసి మనుషులకి దెబ్బలు తగిలినా "కంపెనీ చెప్పింది, చేశాను" అనేది చాలా చోట్ల రక్షణ కాదు.

ఒప్పందమే లేని చోట కూడా బాధ్యత ఉంటుంది, మీ మనుషులు పనిలో చేసిన పొరపాట్లకి. 1942లో తీర్పొచ్చిన ఒక కేసులో ట్యాంకరు డ్రైవరు ట్యాంకులోకి పెట్రోలు దించుతూ సిగరెట్ వెలిగించుకుని అగ్గిపుల్ల పక్కకి విసిరాడు. సిగరెట్ అతని సొంత సుఖానికే, కంపెనీకి దాంతో పని లేదు. అయినా పెట్రోలు దించడం కంపెనీ పనే కదా, ఆ పని చేస్తూ చేసిన నిర్లక్ష్యం అది, కాబట్టి యజమానే కట్టాలన్నారు. ఇప్పుడు మనుషుల దగ్గరే ఆగలేదు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి, ఇంట్లో ఎవరైనా చనిపోయినప్పుడు ఇచ్చే తగ్గింపు ధరకి ప్రయాణం అయ్యాక కూడా అప్లై చేసుకోవచ్చని చెప్పింది. అది తప్పు సమాచారం. ఆయన అడిగితే కంపెనీ ఇవ్వనంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ముందు వాళ్ల వాదన ఎలా ఉందంటే, ఆ చాట్‌బాట్ చేసినదానికి అదే బాధ్యురాలు, అది వేరే చట్టబద్ధ వ్యక్తి అన్నట్టుంది. సాలమన్ గారు వింటే నవ్వేవారు! 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ దాన్ని కొట్టిపారేసింది, వెబ్‌సైట్లో ఏముందో దానికి కంపెనీదే పూచీ అని. ఫీజులు, వడ్డీతో కలిపి 812 డాలర్లు. డబ్బు చిన్నదే. మీ వెబ్‌సైట్లో అలాంటిది పెట్టే ముందు దాని జవాబులు ఎవరు చూస్తున్నారో, తప్పు చెప్తే ఎవరు సరిచేస్తారో ఒక పేరు రాసిపెట్టుకోండి.

పోటీదారుల గురించి ఒక్క నిమిషం. పరిశ్రమ సంఘాల మీటింగులకి వెళ్తారు, వెళ్లండి. అక్కడ ఎవరైనా ధరల గురించి, ఎవరి కస్టమర్లు ఎవరివి అనే పంపకాల గురించి మొదలుపెడితే లేచి బయటికొచ్చేయండి, వచ్చేటప్పుడు నాకు అభ్యంతరం ఉందని వినపడేలా చెప్పి రండి, మినిట్స్‌లో రాయించండి. ఊరికే కూర్చుని ఏమీ మాట్లాడలేదంటే నమ్మరు. విటమిన్ల ధరలు కుమ్మక్కై పెంచినందుకు 1999లో అమెరికాలో హాఫ్‌మన్ లా రోష్ అనే మందుల కంపెనీ 50 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది, మనుషులు జైలుకీ వెళ్లారు. జైలు అనే మాట వచ్చాక నేను దీని మీద ఇంకేం చెప్పక్కర్లేదనుకుంటాను.

ఉద్యోగుల విషయం పెద్ద సబ్జెక్టు, ఇంకో రోజు పెట్టుకుందాం. ఒకటి మాత్రం చెప్తాను. పని బాగాలేదని తీసేస్తున్నాం అంటారు, ఫైలు తెరిస్తే నాలుగేళ్ల అప్రైజల్స్‌లో "చాలా బాగా చేస్తున్నారు" అని మీ సంతకంతోనే ఉంటుంది. ఎదుటివాళ్లని నొప్పించడం ఇష్టంలేక రాసిన ఆ మంచి మాటలే తర్వాత మీ మీదకి ఎదురు తిరుగుతాయి. అప్పటిదాకా బాగున్న మనిషి గర్భిణి అయ్యాకో, ఫిర్యాదు చేశాకో ఒక్కసారిగా పనికిరాకుండా పోయిందంటే ఏ జడ్జీ నమ్మడు. నమ్మకూడదు కూడా.

ఇక ప్రశ్నలుంటే అడగండి. అక్కడ, నీలం చొక్కా.

(ప్రశ్న: మరి అసలు రాయకుండా ఫోన్లో మాట్లాడేస్తే సరిపోతుంది కదా మేడమ్?)

అందరూ ఇదే అంటారు! (నవ్వులు) రాయకపోతే అవతలివాడు రాసుకుంటాడు. ఫోన్ పెట్టగానే అతను "మనం మాట్లాడుకున్నట్టుగా..." అని మెయిల్ పెడతాడు, మీరు జవాబివ్వరు, రేపు ఉన్న ఒక్క కాగితం అదే. కాబట్టి ఆ మెయిల్ మీరే ముందు పెట్టండి. రాయడం మానడం కాదు, నా పని చేసే మనిషి ఎవరో మూడేళ్ల తర్వాత మీ గురించి ఏమీ తెలియకుండా అది చదువుతుందని గుర్తుపెట్టుకుని రాయండి. కోపంలో జోకులు, "వాళ్లని తొక్కేద్దాం" లాంటివి వద్దు.

(ప్రశ్న: గొడవ మొదలయ్యాక పాత మెసేజీలు తీసేయొచ్చా? గ్రూపుల్లో చాలా ఉంటాయి.)

వద్దు. వద్దే వద్దు. కంపెనీకి ఫలానా కాలం తర్వాత పాతవి తీసేసే పద్ధతి ఉంటే, గొడవేమీ లేనప్పుడు అది తప్పు కాదు. కానీ నోటీసు వచ్చాక, లేదా రాబోతోందని తెలిశాక, ఆ తీసేయడం ఆపాలి. ఆర్థర్ ఆండర్సన్ అని ప్రపంచంలోని అయిదు పెద్ద ఆడిట్ సంస్థల్లో ఒకటి ఉండేది, ఎనభై అయిదు వేలమంది ఉద్యోగులు. 2001లో వాళ్లు ఆడిట్ చేసే ఎన్‌రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ కూలుతున్నప్పుడు ఆండర్సన్ లాయరు ఒకరు తమ టీముకి "మన డాక్యుమెంట్ పాలసీ గుర్తుచేస్తే మంచిదేమో" అన్నట్టు మెయిల్ పెట్టారు, ఆ తర్వాత కాగితాలు కుప్పలుగా ముక్కలయ్యాయి. 2002 జూన్‌లో జ్యూరీ సంస్థని దోషిగా తేల్చింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పు కొట్టేసింది, జ్యూరీకి చెప్పిన సూచనలు సరిగా లేవని. గెలిచారు. అప్పటికి గెలిచినా చేసేదేముంది, క్లయింట్లు పోయారు, ఉద్యోగులు పోయారు. పైగా తీసేస్తే పోతుందనుకోవడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే, గ్రూపులో ఉన్న పదిహేను మంది ఫోన్లలో అది ఉంటుంది. నా అనుభవంలో ఆ మెసేజ్ చెప్పే విషయం కన్నా "ఎందుకు తీసేశారు" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడమే ఎక్కువ కష్టమైంది.

(ప్రశ్న: అయితే ఆ సమయంలో మేమేం చేయాలి, నోటీసు చేతికొచ్చిన రోజు?)

వచ్చిన తేదీ, టైము కవరు మీద రాయండి, జవాబు గడువు దాన్నుంచే లెక్క. అవతలివాళ్లకి ఫోన్ చేసి "ఏంటండీ ఇది, మనలో మనకి" అని మొదలుపెట్టొద్దు, క్షమాపణలూ చెప్పొద్దు, బెదిరించొద్దు. సంబంధించిన వాళ్లందరికీ ఏమీ తీసేయొద్దని ఒక మెయిల్. ఇన్సూరెన్స్ ఉంటే వాళ్లకి అదే రోజు చెప్పండి, ఆలస్యమైతే క్లెయిము కాదనే పాలసీలు ఉంటాయి. ఆ తర్వాత అదే సాయంత్రం లీగల్ వాళ్లకి ఫైలు మొత్తం పంపండి, మీకు ఇబ్బంది కలిగించే కాగితం కూడా కలిపి. దాన్ని మేం మీ దగ్గర ముందు చూడాలి, ఎదుటి లాయరు చేతిలో కాదు.

ఇంకెవరైనా? మీరడగండి, ఆ చివర.

(ప్రశ్న: మీరు ఇందాక చెప్పిన బొమ్మ, అది అగ్రిమెంటు మెయిల్ కింద కాకుండా టీము చాట్‌లో మా బాసుకి పెడితే?)

బాసుకి పెట్టుకోండి. వెండరు ఉన్న గ్రూపా కాదా అని మాత్రం పైన పేర్లు ఒకసారి చూసి పెట్టండి.